అంబలికి ముసుగెందుకు?

సూపు మీద నాకేమీ కోపం లేదు. జలుబు చేసినప్పుడు మిరియాలు దంచి వేసిన వేడి వేడి టొమాటో సూపు ఎవరిచ్చినా పుచ్చుకుంటాను. నా తగువంతా దానికోసం తలుపు చాటుకి నెట్టేసిన అంబలికుండ తరఫున.

మన శ్రీకాకుళం ఇళ్లల్లో చూస్తూనే ఉన్నాను కదా! చుట్టాలొస్తున్నారంటే చాలు, ప్యాకెట్టు చింపి నీళ్లలో కలిపి మరిగించి, పింగాణీ కప్పుల్లో పోసి, పక్కన చెంచా పెట్టి మరీ తెస్తారు. అందులో ఉన్నదేమిటీ అంటే మొక్కజొన్న పిండి, ఉప్పు, పంచదార, నాలుగు ఎండిన కూరముక్కలు. ఆ పొద్దున్నే కాచిన చోడంబలి ఉంటే మాత్రం మూతపెట్టి పెరట్లోకి చేరవేస్తారు. "చుట్టాల ముందు అదేం బాగుంటుంది వదినా!" అంటారు. ఏం, ఎందుకు బాగుండదూ?

దాన్ని కాచి చూడండి. చోళ్లపిండి రాత్రి నీళ్లలో కలిపి ఓ మూల ఉంచితే తెల్లారేసరికి సన్నగా పులుస్తుంది. ఎసట్లో నూకలు ఉడుకుతుండగా ఆ పిండినీళ్లు పోసి, ఉండకట్టకుండా తెడ్డుతో తిప్పుతూ ఉండాలి. చెయ్యి ఆగిందా, అడుగంటిందే! చల్లారాక మజ్జిగ, ఉప్పు. నంజుకోడానికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. సముద్రపొడ్డు ఊళ్లల్లో అయితే కాల్చిన ఎండుచేప. ఇంత పనితనం ముందు ప్యాకెట్టు చింపడం ఓ వంటా?

తెల్లదొరలు మనకంటే నయం. తమిళుల మిళగు తణ్ణి, అంటే ఉత్త మిరియాల నీళ్లు, పట్టుకెళ్లి మాంసం ముక్కలు వేసి 'ములిగటానీ' అని సూపుల వరసలో కూచోబెట్టారు. తమిళుల కంజి 'కాంజీ' అయి, చైనావాళ్ల గంజికి కూడా అదే ఇంగ్లీషు పేరైంది. జపానువాళ్లు సోయాగింజలు పులియబెట్టిన ముద్దతో మిసో చారు కాచుకుని పొద్దున్నే తాగుతారు. ఆ సంగతి పత్రికలో చదివి ఆహా అనుకునే మనం, తరవాణి కుండ పేరెత్తితే ముక్కు మూసుకుంటాం!

అసలు గొడవ రుచితో కాదు లెండి, తాగినవాళ్లతో. ఊడ్పులకి వెళ్లే ఆడవాళ్లూ, కొండమీద పోడు చేసుకునే సవరలూ తాగారు గనక అది 'వాళ్ల తిండి' అయింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక ఎన్నో పేదిళ్లల్లో తెల్లన్నం కనిపించింది. దాన్ని తప్పుపట్టే నోరు నాకు లేదు. ఆకలి తెలిసినవాళ్లు అన్నం కోరుకోవడంలో న్యాయం ఉంది. మరి ఏనాడూ పస్తులుండని మనకెందుకమ్మా ఈ సిగ్గు?

ఇప్పుడు తమాషా చూడండి. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమంది. 100 గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉందని డాక్టర్లు చెబుతున్నారు. ఇంకేం! చోళ్లు 'రాగి మాల్ట్'గా అవతారమెత్తి రంగుడబ్బాలో దిగాయి. ఆ వదినగారే కొని, గాజుగ్లాసుల్లో పోసి చుట్టాలకి అందిస్తోంది. అంట్లు తోమే మనిషి అది చూసి, "ఓలమ్మ, ఇది మా సోడంబలే కదేటి!" అని నవ్వితే మాత్రం మూతి ముడుచుకుంటుంది. అంబలి గాజుగ్లాసులోకి ఎక్కింది గానీ, ఆ మనిషి టీ తాగే గ్లాసు ఇప్పటికీ పెరటి కిటికీలో విడిగానే ఉంది. డబ్బా మీద కాల్షియం లెక్క రాసినవాళ్లు ఈ లెక్క రాయరు.

వచ్చే వేసవిలో మీ ఇంటికి చుట్టాలొస్తే అంబలే పోయండి. ఏమిటిదని అడిగితే అంబలి అనే చెప్పండి. అంట్లు తోమే ఆవిడకీ ఆ గ్లాసుల్లోంచే ఒకటి తీసి, ఆ గదిలోనే కుర్చీ వేసి ఇవ్వండి. వదినగారికి కోపమొస్తే నా పేరు చెప్పండి. ఉల్లిపాయ మాత్రం చెంచాతో తినడం కుదరదని ముందే చెప్పి ఉంచండి!