సీల్డ్ కవర్లు చాలు, బ్యాలెట్ పెట్టె తెండి

1978 మార్చి నుంచి 1983 జనవరి దాకా ఆంధ్రప్రదేశ్‌కు నలుగురు కాంగ్రెస్ ముఖ్యమంత్రులు. చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామిరెడ్డి, కోట్ల విజయభాస్కరరెడ్డి. మొదటి ముగ్గురినీ దించింది ఓటరు కాదు, శాసనసభా కాదు. ఢిల్లీ!

ఆ తంతు తెలుగువారికి కంఠతా వచ్చు. పరిశీలకులు విమానం దిగుతారు. ఎమ్మెల్యేలను ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి అభిప్రాయం అడుగుతారు. ఎవరి పక్షాన ఎందరున్నారో బయటికి రాదు. ఎంపికను అధిష్ఠానానికి వదిలేస్తూ ఏకవాక్య తీర్మానం, ఆపైన సీల్డ్ కవర్. అలా వచ్చిన ముఖ్యమంత్రికి జిల్లాల కంటే ఢిల్లీ మీదే కన్ను. అసమ్మతివాదుల మకామూ అక్కడే. అందరినీ మెప్పించబోయి అంజయ్య జంబో మంత్రివర్గం కట్టారు. అయినా 1982 ఫిబ్రవరిలో, బేగంపేట విమానాశ్రయంలో రాజీవ్ గాంధీ చేతిలో అవమానపడిన ఆ నెలలోనే పదవి పోయింది. మార్చి 29న ఎన్టీఆర్ పార్టీ పెట్టారు. తొమ్మిది నెలలకు కాంగ్రెస్ గద్దె దిగింది.

వర్గాలుండటం తప్పని మేం అనం. పదిమంది చేరినచోట నాలుగు మాటలు వస్తాయి. వాటిని లెక్కపెట్టే పెట్టె లేకపోవడమే తప్పు. ఆత్మగౌరవ నినాదంతో పుట్టిన తెలుగుదేశంలోనూ 1995 ఆగస్టులో నాయకత్వ తగాదా వైస్రాయ్ హోటల్‌కే చేరింది. 2022లో వైఎస్సార్ కాంగ్రెస్ ప్లీనరీ తన అధినేతను ఏకంగా శాశ్వత అధ్యక్షుడిగా ప్రకటిస్తే, అది ప్రజాస్వామ్యం కాదని ఎన్నికల సంఘం అభ్యంతరం చెప్పాల్సి వచ్చింది.

పెట్టె పెడితే పార్టీ చీలుతుందన్న భయానికి ఆధారం లేదు. అదే ఏడాది అక్టోబరులో కాంగ్రెస్ అధ్యక్ష పదవికి ఖర్గేకు 7,897 ఓట్లు, శశి థరూర్‌కు 1,072 వచ్చాయి. పార్టీ చీలలేదు. ఓడిన థరూర్ 2024లో అదే పార్టీ టికెట్ మీద తిరువనంతపురంలో మళ్లీ గెలిచారు.

అభ్యంతరం చెప్పడం వరకే ఎన్నికల సంఘం చేయగలిగింది. సంస్థాగత ఎన్నికలు జరపలేదని పార్టీ రిజిస్ట్రేషన్‌ను రద్దుచేసే అధికారం దానికి లేదని సుప్రీంకోర్టు 2002 తీర్పుతో తేలిపోయింది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని పార్లమెంటు సవరించి ఆ అధికారం ఇవ్వాలి. మండల అధ్యక్షుడి నుంచి శాసనసభాపక్ష నేత దాకా రహస్య ఓటింగ్ తప్పనిసరి చేయాలి. ఎవరికెన్ని వచ్చాయో ఆ సాయంత్రమే ప్రకటించాలి.

చట్టం వచ్చేదాకా ఎమ్మెల్యేలు ఆగనక్కర్లేదు. ఈసారి ఏకవాక్య తీర్మానం ముందుకు వచ్చినప్పుడు, సంతకం పెట్టేముందు బ్యాలెట్ పెట్టె ఏదని అడగాలి.