స్టీరింగ్ బాక్సు జోలికి చివర్న...

ముంబయి వీధుల నుంచి పద్మిని ట్యాక్సీలు 2023 అక్టోబరులో సెలవు తీసుకున్నాయి. మన ఊళ్లలో మాత్రం తాతగారి గుర్తనో, ముచ్చటపడి కొన్నదనో కొందరి ఇళ్ల ముందు ఈ బుల్లి కారు ఇంకా కనిపిస్తూనే ఉంది. నడిపేవాళ్లలో చాలామంది ఫిర్యాదు ఒకటే... స్టీరింగ్ లూజు. రెండంగుళాలు తిప్పితేగానీ చక్రం కదలదు. ఎదురుగా లారీ వస్తున్నప్పుడు ఆ రెండంగుళాలే ప్రాణం మీదికి తెస్తాయి.

షెడ్డుకు తీసుకెళ్తే తరచూ జరిగే మొదటి పని, స్టీరింగ్ బాక్సు మీది స్క్రూ బిగించడం. ఐదు నిమిషాల్లో ప్లే తగ్గినట్టే ఉంటుంది. చిక్కంతా అక్కడే. ఇటలీ ఫియట్ 1100 నుంచి వచ్చిన ఈ కారులో వర్మ్ అండ్ రోలర్ రకం బాక్సు ఉంటుంది. బండి ఎక్కువగా తిన్నగానే నడుస్తుంది కాబట్టి వర్మ్ మధ్యభాగమే బాగా అరుగుతుంది, చివర్లు అంతగా అరగవు. మధ్యలో వదులు పోయేదాకా బిగిస్తే మలుపులో పట్టేస్తుంది. తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు. లూజు స్టీరింగే నయం! (అంబాసిడర్‌ది ర్యాక్ అండ్ పినియన్. దాని కథ వేరు.)

అందుకే ముందు టైర్లు చూడండి. గాలి సరిగ్గా ఉందా? నాలుగూ ఒకే రకమా? రేడియల్, క్రాస్‌ప్లై కలిపి వేస్తే ఎంత రిపేరు చేసినా బండి కుదురుగా నడవదు. తర్వాత ఇంజిన్ ఆపి, ఇంట్లో ఒకరిని కూర్చోబెట్టి స్టీరింగ్ అటూ ఇటూ కొద్దిగా ఆడించమనండి. మీరు టై రాడ్ ఎండ్లను గమనించండి. ఒకవైపు కదిలినా రెండోవైపు ఆలస్యంగా కదిలే జాయింటే దొంగ.

అక్కడ దొరక్కపోతే వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ముందు చక్రాన్ని జాకీతో లేపి, కింద స్టాండు వేసి, టైరును పైనా కిందా పట్టుకుని ఊపండి. ఊగితే, బ్రేకు నొక్కించి మళ్లీ ఊపండి. ఊపు ఆగిందా, బేరింగు వదులు. ఆగలేదా, కింగ్ పిన్ అరిగింది. గ్రీజు కొట్టించడం మానేసిన బళ్లలో ఇది మామూలే.

వెనకభాగం పక్కలకు ఊగుతుంటే కమాన్ పట్టీల బుష్షులు మార్చాలి. ఇవన్నీ అయ్యాకే వీల్ అలైన్‌మెంట్. అరిగిన జాయింట్ల మీద చేయిస్తే డబ్బు దండగ.

అప్పటికీ ప్లే మిగిలితే బాక్సులో ఆయిలు చూసి, స్క్రూ కొద్దికొద్దిగా బిగిస్తూ, రెండువైపులా పూర్తిగా తిప్పి చూడమనండి. ఎక్కడ పట్టినట్టనిపించినా వెనక్కి వదలాల్సిందే. ఇక మిగిలింది వర్మ్, రోలర్ మార్చడమే.