ప్రిన్సిపాల్ ఉత్తరమంటే ఫీజు నోటీసేనా?

శంషాబాద్ చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల నుంచి ఇంటికి వచ్చే ఉత్తరాలు ఎలా ఉంటాయో తల్లిదండ్రులకు చెప్పక్కర్లేదు. హాజరు డెబ్బై ఐదు శాతం కన్నా తగ్గింది, ఫీజు బాకీ ఉంది, ఫలానా కంపెనీ ఇన్ని లక్షల ప్యాకేజీ ఇచ్చింది. ఇప్పుడవి ఉత్తరాలు కూడా కావు, వాట్సాప్‌లో వచ్చే పీడీఎఫ్‌లు. కాలేజీ అధిపతి పని ఇంతేనని, ఇంతే ఉండాలని మన మధ్యతరగతి ఇళ్లలో గట్టి నమ్మకం. పిల్లల్ని చదువుకోమని పంపాం, ఊళ్లో సంగతులు ఆయనకెందుకు? ఆయన నోరు తెరిస్తే క్యాంపస్‌లోకి రాజకీయం వస్తుంది. ఈ వాదన వినడానికి పెద్దమనిషి తరహాగా ఉంటుంది. నాకైతే ఇది తప్పుడు వాదనే కాదు, అబద్ధపు వాదన కూడా.

అబద్ధం ఎందుకంటే, మన కాలేజీలు బయటి విషయాల్లో మౌనంగా ఏమీ లేవు. ప్రభుత్వ విజయాలు చాటే సెల్ఫీ పాయింట్లు పెట్టమని 2023 డిసెంబరులో యూజీసీ దేశంలోని కాలేజీలకు లేఖ రాసింది. ఇది రాజకీయం, మాకొద్దు అన్న యాజమాన్యం ఒక్కటీ నా చెవిన పడలేదు. 2025 నవంబరులో ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం రాష్ట్రంలోని ప్రైవేట్ కాలేజీలు బంద్‌కు దిగాయి. వాళ్ల డబ్బు, వాళ్ల హక్కు, నేను కాదనను. కాకపోతే పైనుంచి ఆదేశం వస్తేనో, గల్లాపెట్టె ఖాళీ అయితేనో మాట పెగిలే నోటిని తటస్థమైనదని ఎలా అనగలం?

ఆ నోరు ఎప్పుడు తెరుచుకోవాల్సిందో శంషాబాద్‌కు బాగా తెలియాలి. 2019 నవంబరు 27 రాత్రి, ఔటర్ రింగ్ రోడ్డు మీద తొండుపల్లి టోల్ ప్లాజా దగ్గర ఒక పశువైద్యురాలి మీద జరిగిన ఘోరం దేశాన్ని కుదిపేసింది. డిసెంబరు 6 తెల్లవారుజామున నలుగురు నిందితులనూ పోలీసులు షాద్‌నగర్ దగ్గరి చటాన్‌పల్లిలో కాల్చి చంపారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. కాలేజీ బస్సులోంచి ఆడపిల్లలు పోలీసులను చూసి కేరింతలు కొడుతున్న వీడియో దేశమంతా తిరిగింది. ఆ పిల్లల్ని నేను తప్పుపట్టను. వారం రోజులుగా ఇంటికి చీకటి పడకముందే చేరాలని వణికినవాళ్లు వాళ్లు. నా ప్రశ్న వాళ్ల ప్రిన్సిపాళ్లకు. విచారణ జరగకుండా శిక్ష పడితే అది ఏమవుతుందో ఆ ఉదయం ఆ పిల్లలకు ఎవరు చెప్పాలి? ఆడపిల్ల భయాన్నీ, నిందితుడి హక్కునూ ఒకే కాగితం మీద పెట్టి, ఏదీ చిన్నబుచ్చకుండా రాయడం కష్టమే. ఆ కష్టం పడడానికే కదా ఆయనకు ఆ కుర్చీ. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది: పోలీసులు చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారు, నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లు. కనీసం అప్పుడైనా ఆ బస్సెక్కిన పిల్లలతో ఆ నివేదిక చదివించాల్సింది.

ఎదుటివాళ్ల వాదనలో అన్నిటికన్నా గట్టిది అమెరికా నుంచి వచ్చింది. 1967లో షికాగో విశ్వవిద్యాలయం కోసం కాల్వెన్ కమిటీ ఇచ్చిన నివేదిక సారం ఇది: విశ్వవిద్యాలయం విమర్శకులకు నిలయం, తానే విమర్శకురాలు కాదు. సంస్థ ఒక పక్షం వహిస్తే లోపలున్న వేరే అభిప్రాయం నలిగిపోతుంది. బలమైన మాటే. కానీ అక్కడ అధ్యాపకుడు, విద్యార్థి గొంతెత్తి మాట్లాడతారు కాబట్టి సంస్థ ఊరుకుంటుంది. విశ్వవిద్యాలయం ధ్యేయానికే ముప్పు వస్తే మాట్లాడక తప్పదనీ ఆ నివేదికే ఒప్పుకుంది. మన దగ్గర అధ్యాపకుడికి వచ్చే ఏడాది ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు, విద్యార్థి సంఘానికి గేటులోపల చోటు లేదు. కింద అందరి నోళ్లూ కుట్టేసి, పైవాడు కూడా మాట్లాడకపోతే దాన్ని షికాగో సూత్రం అనడం ఆ కమిటీకే అవమానం.

అధిపతి మాట్లాడితే చదువు పాడవుతుందనేవాళ్లు మన చరిత్రనే చూడొచ్చు. కాకినాడ పిఠాపురం రాజా కాలేజీ ప్రిన్సిపాల్‌గా రఘుపతి వెంకటరత్నం నాయుడు భోగం మేళాలను ఎదిరించారు, దళిత పిల్లల్ని చేరదీశారు, మగపిల్లల మధ్య ఆడపిల్లల్ని కూర్చోబెట్టారు. అప్పటి పెద్దమనుషులకు ఇవేవీ సిలబస్‌లో లేని సంగతులే. అయినా ఆయన తర్వాత మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం తొలి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి 1930లో ప్రభుత్వ దమననీతికి నిరసనగా రాజీనామా చేశారు. 1936లో అదే కుర్చీలోకి తిరిగొచ్చి 1949 దాకా ఉన్నారు. విశ్వవిద్యాలయం కూలిపోలేదు.

నగరం నుంచి శంషాబాద్ కాలేజీలకు బస్సులు మెహిదీపట్నం, ఆరాంఘర్ మీదుగా వస్తాయి. ఆ దారిలో పదకొండున్నర కిలోమీటర్ల ఫ్లైఓవర్‌కు పేరున్న పీవీ నరసింహారావు 1938 వందేమాతరం ఉద్యమంలో నిజాం రాజ్యపు కాలేజీ నుంచి బహిష్కరణకు గురైన విద్యార్థి. బహిష్కృతులకు నాగపూర్ విశ్వవిద్యాలయం చోటిచ్చింది. అది పక్క సంస్థానం గొడవ, మనకెందుకు అని అక్కడి అధికారులు అనుకోవచ్చు. అనుకోలేదు.

మన ప్రిన్సిపాళ్లు పిరికివాళ్లని నేననడం లేదు. ఇక్కడ అసలు అధిపతి చైర్మన్. హోర్డింగు మీద ఫొటో ఆయనది, భూమి ఆయనది. జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో వచ్చిన జీవో 111 గురించి ఒక ప్రిన్సిపాల్ సివిల్ విద్యార్థులకు నిజాయితీగా ఉత్తరం రాస్తే, తను కూర్చున్న భవనం గురించే రాయాల్సి రావచ్చు. అందుకే నేను అడిగేది సంస్థ ప్రకటన కాదు. యాజమాన్యం ముద్ర లేకుండా, తన పేరు కింద, ఇది నా అభిప్రాయం, కాదనేవాళ్లు జవాబు రాయండి అని ప్రిన్సిపాల్ రాసే ఉత్తరం. వచ్చిన జవాబుల్ని, తనను తిట్టినవాటితో సహా, నోటీసు బోర్డులో ఫీజు జాబితా పక్కనే అంటించాలి.