ఈత త్వరగా రావాలంటే

"మా పదేళ్ళ అమ్మాయికి ఈ సెలవుల్లో ఈత నేర్పిద్దామంటే ఇంట్లో పెద్దవాళ్ళు వద్దంటున్నారు. త్వరగా వచ్చే ఉపాయం ఏదైనా ఉందా?" అని ఒక సోదరి అడుగుతున్నారు.

తప్పక నేర్పించండి. ఆడపిల్లకు ఈత ఎందుకనే వారికి, 1959లో ఇంగ్లీషు ఛానల్ ఈదిన ఆరతీ సాహా పేరు చెప్పండి.

మొదటిరోజే చేతులూ కాళ్ళూ ఆడించనివ్వకండి. ముందు ఊపిరి అలవాటు కావాలి. నడుము లోతు నీళ్ళలో నిలబడి, నోటితో గాలి పీల్చి, ముఖం ముంచి, ముక్కుతో మెల్లగా బుడగలు వదలాలి. బెదురు లేకుండా ఇరవైసార్లు చేయగలిగితే సగం ఈత వచ్చినట్లే.

తరువాత తేలడం. ఊపిరితిత్తుల నిండా గాలి ఉంటే చాలామంది శరీరం నీటికన్నా కొంచెం తేలికే. భయపడి తల పైకెత్తితే కాళ్ళు కిందికి దిగిపోతాయి. తల నీటిలోకి వాల్చి, ఒళ్ళు వదులు చేస్తే నడుము పైకి వస్తుంది. ఆ తరువాత గట్టు పట్టుకుని కాళ్ళాడించడం. అవి మోకాళ్ళ దగ్గర కాక తుంటినుంచి కదలాలి. బారలు వేయడం చివరిమాట. రోజూ అరగంట చాలు, మధ్యలో మానరాదు.

వెనుక పల్లెల్లో నడుముకు ఎండు సొరకాయ బుర్రలు కట్టి బావిలో దింపేవారు. బుర్రలైనా, ఇప్పటి రబ్బరు చక్రాలైనా ప్రాణానికి పూచీ కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 2021లో నీట మునిగి సుమారు 3,00,000 మంది పోయారు. వారిలో దాదాపు నాలుగోవంతు అయిదేళ్ళలోపు పసివాళ్ళు. అందుచేత ఈత వచ్చిన పెద్దవారొకరు, చేయి చాస్తే అందేంత దగ్గరలో ఉండి తీరాలి. మీ పెద్దవాళ్ళ భయానికి అదే సరైన జవాబు.