పాత బండికి కొత్త కొమ్ములు



పాత మౌంటెన్ బైకుకు పొట్టేలు కొమ్ములవంటి డ్రాప్ బార్ బిగించి, గ్రావెల్ బైకుగా మార్చుకోవడం దండుగమారి పని అని తీర్పులు చెప్పేవారు ఎక్కువయ్యారు. మా అబ్బాయి వదిలేసిన ఉక్కు ఫ్రేము సైకిలును అలా మార్పించుకుందామని నేనొక దుకాణానికి తీసుకువెళ్తే, యజమాని బండిని ముట్టుకోకుండానే, "మాస్టారూ, దీన్ని పాతసామాన్లవాడికి వేసెయ్యండి, కొత్తది చూపిస్తాను" అన్నాడు. వ్యాపారి వ్యాపారం మాట్లాడటంలో వింత లేదు. సైకిలు తెలిసిన విజ్ఞులు కూడా ఆ మాటనే శాస్త్రంలా వల్లించడంతోనే నా తగవు.

వాదమర్యాద ప్రకారం ముందుగా పూర్వపక్షం. వారి ఆక్షేపణలు మూడు. కొండ బండికి డ్రాప్ బార్ పెట్టడం సంకరం. ఇరవయ్యారంగుళాల చక్రానికి కాలం చెల్లింది. అయ్యే ఖర్చుతో కొత్తదే వస్తుంది.

మొదటి ఆక్షేపణకు చరిత్రే సమాధానం. అసలు మౌంటెన్ బైకు పుట్టుకే సంకరం! 1970లలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కుర్రవాళ్లు 1930, 40ల నాటి లావు టైర్ల ష్విన్ సైకిళ్లు సంపాదించి, వాటికి గేర్లూ మోటారుసైకిలు బ్రేకు లీవర్లూ తగిలించి, టమాల్పైస్ కొండ ప్రాంతపు వాలులలో తోలారు. 1976లో మొదలైన వారి రీప్యాక్ పందెం పేరులోనే మరమ్మతు ఉంది. ఒక్కసారి కొండ దిగేసరికి వెనుక హబ్బులోని బ్రేకు కాగి, గ్రీజు మాడిపోయేది. మళ్లీ కూరవలసి వచ్చేది. ఆ పనికోసమే జో బ్రీజ్ ప్రత్యేకంగా ఫ్రేము కట్టడం 1977 నాటి మాట. పాతసామాన్ల కుప్పలోంచి లేచిన బండికి ఇప్పుడు వంశశుద్ధి అంటగట్టడం ఏపాటి న్యాయం? ఇక డ్రాప్ బార్ సంగతి. 1987 నాటి బ్రిడ్జ్‌స్టోన్ ఎం.బి.-1 అనే మౌంటెన్ బైకు డ్రాప్ బార్‌తోనే అమ్మకానికి వచ్చింది. 1990లో జాన్ టొమాక్ కొండ పందేలలో డ్రాప్ బార్ పట్టుకునే పోటీపడ్డాడు. గ్రావెల్ అనే పేరు అంగడికెక్కింది ఆ తరువాత ఎన్నో ఏళ్లకు.

రెండవది లెక్కతో తేలుతుంది. టైరు కూర్చునే చోట 26 అంగుళాల రిమ్ము వ్యాసం 559 మి.మీ.; రోడ్డు బండ్ల 700సి రిమ్ముది 622. కాగితంమీద పెద్ద తేడాయే. కాని నేలను తాకేది టైరు. చిన్న రిమ్ముకు 2.1 అంగుళాల టైరు ఎక్కిస్తే మొత్తం వ్యాసం సుమారు 665. పెద్దదానికి 28 మి.మీ. టైరు ఎక్కిస్తే సుమారు 678. మిగిలిన తేడా అరంగుళం. కంకర మీద కావలసినది లావు టైరే కదా!

మూడవది సగం నిజం. అన్నీ కొత్తవి కొంటే కొత్త బండి ధరే అవుతుంది. అన్నీ ఎవరు కొనమన్నారు? షిమానో తొమ్మిది గేర్ల రోడ్డు షిఫ్టరు, అదే కంపెనీ తొమ్మిది గేర్ల కొండ బండి వెనుక డిరెయిలర్‌ను చక్కగా నడుపుతుంది. ముందు డిరెయిలర్‌తో మాత్రం పొసగదు. అక్కడ మెట్లు లేని, రాపిడితో నిలిచే పాతరకం మీట చాలు. పైగా ఈ పనికి పాతదనమే అర్హత. డ్రాప్ బార్ పెడితే చేతులు చాలా ముందుకు సాగుతాయి. 1990ల బండ్లకు పొడవైన స్టెమ్ ఉండేది గనుక, దాన్ని తీసి పొట్టిది వేస్తే ఆ సాగుడు చాలావరకు సర్దుకుంటుంది. పొడుగాటి ఫ్రేము, పొట్టి స్టెమ్‌తో వచ్చే ఇప్పటి కొండ బండ్లలో ఆ వెసులుబాటు ఉండదు.

ఇంతవరకు ఆక్షేపకులతో తగవు. ఇక నా పక్షంవారితో ఒకటుంది. వ్యాకరణం చదివినవారికి తెలుసు: ఆగమం మిత్రునిలా వచ్చి పక్కన చేరుతుంది, ఆదేశం శత్రువులా వచ్చి, ఉన్నదాన్ని తోసివేసి ఆ చోట కూర్చుంటుంది. డ్రాప్ బార్ ఆదేశం. పాత లీవర్లు, మీటలు 22.2 మి.మీ. గొట్టానికి చేసినవి, డ్రాప్ బార్ గొట్టం 23.8. అవన్నీ దిగిపోవలసిందే. వి-బ్రేకుకు తీగ ఎక్కువ లాగాలి. మామూలు రోడ్డు లీవరు దాదాపు సగమే లాగుతుంది. రబ్బరు రిమ్మును గట్టిగా పట్టకముందే లీవరు వచ్చి హ్యాండిలుకు తగులుతుంది. వాలులో ఆ సంగతి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది! వి-బ్రేకుకని చేసిన డ్రాప్ బార్ లీవర్లయినా కొనాలి, లేదా కాంటిలీవర్ బ్రేకులయినా వేయాలి. టేపు రంగు ఎంచడానికి పట్టే శ్రద్ధలో పదోవంతు దీనిమీద పెట్టనివారు ఈ పనికి చేటు తెస్తున్నారు.

నా బండికి ఈ పని చేసిపెట్టినవాడు చెట్టుకింద పనిముట్ల పెట్టెతో కూర్చునే వృద్ధుడు. స్టెమ్, బార్, లీవర్లు, తీగలు నేను తెచ్చిచ్చాను. తక్కినదంతా ఆయన చేతి విద్య. పారేసి కొనుక్కోమనే మతమే గెలిస్తే, ఇనుముకంటే ముందు పోయేది ఆ విద్య.

కనుక మెట్లకింద దుమ్ముపట్టిన బండి ఉన్నవారు ముందు దాన్ని వెలుతురులోకి తీయండి. ఫ్రేము మీ ఒడ్డూపొడుగుకు సరిపోవాలి. ముందు ఫోర్కు స్ప్రింగులు లేనిదై ఉండాలి. అతుకుల దగ్గర పగుళ్లు ఉండరాదు. ఈ మూడూ ఉంటే దాన్ని ఇనుపకొట్టుకు పంపే హక్కు ఏ విజ్ఞునికీ లేదు. లేకుంటే నేనూ వద్దనే అంటాను. ఇంతకంటె బలమైన ప్రతివాదం ఉన్నవారు కొలతలతో రండి; బ్రాండ్ల పేర్లతో కాదు.

స్వస్తి.