చేపతోలుతో కాళ్లు నిలుపుదాం

షుగర్ ఉన్నవారి కాలి పుండు చడీచప్పుడు లేకుండా మొదలవుతుంది. మొద్దుబారిన పాదానికి చెప్పు ఒరుసుకున్నదీ తెలియదు, ముల్లు దిగినదీ తెలియదు. తెలిసేసరికి పుండు లోతుకు పోయి ఉంటుంది. ఆపైన నెలల తరబడి కట్లు, చివరికి వేలో పాదమో తీసేయడం. కొందరికి మోకాలి దాకా. భారత వైద్య పరిశోధన మండలి సర్వే 2023లో తేల్చిన లెక్కన దేశంలో మధుమేహులు 10.1 కోట్ల మంది. వీరి కాళ్లను కాపాడే దారి ఏది కనిపించినా ప్రభుత్వాలు పరీక్షించి చూడాల్సిందే. చేపతోలు అలాంటి దారి.

ఐస్‌లాండ్‌లోని ఇసాఫ్యోర్దుర్ అనే చిన్న రేవు పట్టణంలో కెరెసిస్ సంస్థ కాడ్ చేపతోలును పొలుసులు తీసి, కణాలు తొలగించి, ఎండబెట్టి, గాయంపై పరిచే పొరగా తయారుచేస్తోంది. అది శాశ్వతంగా అతికే చర్మం కాదు. దాని సన్నని రంధ్రాల్లోకి రోగి సొంత కణాలు, రక్తనాళాలు చొచ్చుకుపోతాయి. పొర మెల్లగా కరిగిపోతూ ఆ చోట కొత్త కండ పట్టుకుంటుంది. పశువుల, పందుల కణజాలాన్ని వాడాలంటే రోగాలు సోకుతాయన్న భయంతో ఘాటుగా శుద్ధి చేయాలి. చన్నీటి చేపతో ఆ భయం చాలా తక్కువ గనుక తేలికపాటి శుద్ధి సరిపోతుంది, ఒమేగా-3 కొవ్వులూ నిలుస్తాయి.

ఐరోపాలో 255 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు 2024లో వెలువడ్డాయి. ఎముక, కీలు దాకా పోయిన పుళ్లూ అందులో ఉన్నాయి. చేపతోలు వేసినవారిలో 16 వారాలకు 44 శాతం మందికి మానాయి. మామూలు చికిత్సతో మానినవి 26 శాతమే. అంటే చేపతోలు వేసినా సగానికి పైగా మానలేదు. చచ్చిన కండ తీయకుండా, కాలికి రక్తం అందుతోందో లేదో చూడకుండా, పాదంపై బరువు పడకుండా జాగ్రత్తపడకుండా ఏ పొరా పనిచేయదు. చేపల బజారు నుంచి తెచ్చిన తోలును ఇంట్లో పుండుకు కట్టుకుంటే ప్రాణం మీదికే వస్తుంది. ఆ పని ఎవరూ చేయకూడదు.

అసలు చిక్కు ధర. ఇలాంటి చర్మ ప్రత్యామ్నాయాలన్నిటికీ కలిపి అమెరికా మెడికేర్ పథకం 2019లో పాతిక కోట్ల డాలర్లు చెల్లించగా, 2024లో ఆ ఖర్చు వెయ్యి కోట్లు దాటింది. ఆ ధరలకు దిగుమతి చేసుకుంటే మన జిల్లా ఆసుపత్రి రోగికి ఈ వైద్యం ఎన్నటికీ అందదు. బ్రెజిల్ వేరే దారి చూపింది. సియరా ఫెడరల్ విశ్వవిద్యాలయం వైద్యులు పారేసే తిలాపియా తోలును శుద్ధి చేసి కాలిన గాయాలకు వాడారు.

చేపల ఉత్పత్తిలో దేశంలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల్లో పెరిగే చేపల తోలు ఇందుకు పనికొస్తుందో లేదో పరిశోధించే బాధ్యత మరెవరిది? మనవి ఉష్ణమండలపు చెరువు చేపలు. సూక్ష్మక్రిములు, మందుల అవశేషాలు ఉన్నాయేమో విడిగా తేల్చాలి. ఆ పరీక్షలకు రెండు తెలుగు ప్రభుత్వాలూ కలిసి డబ్బు పెట్టాలి. ప్రభుత్వ వైద్య కళాశాలల్లో రోగుల అంగీకారంతో, నైతిక సంఘాల పర్యవేక్షణలో ప్రయోగాలు జరగాలి. ప్రజాధనంతో పుట్టిన పరిజ్ఞానంపై హక్కు ప్రజలకే ఉండాలి, ధరను ప్రభుత్వమే నిర్ణయించాలి. ఈలోగా ప్రతి జిల్లా ఆసుపత్రిలో షుగర్ రోగుల పాదాలు చూసే ప్రత్యేక విభాగం తెరవాలి. అందుకు ఏ కొత్త పరిశోధన కోసమూ ఎదురుచూడనక్కర్లేదు. వచ్చే బడ్జెట్‌లోనే నిధులు కేటాయించాలి.