ఢిల్లీ లేఖ: రాజ్యాంగం ఉంటే చాలునా?

పశ్చిమ ఢిల్లీలోని జనక్‌పురిలో ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ వారి పాఠశాల ఒకటి ఉన్నది. ఆ సొసైటీని 1948లో నెలకొల్పిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ అప్పటికి రాజ్యాంగ నిర్మాణ సభ సభ్యురాలు. ఆ కాలనీకి చేరువనే తీహారు జైలు కూడా ఉన్నది. మొన్న అక్కడొక మిత్రుని ఇంటికి వెళ్ళగా, సివిల్ సర్వీసు పరీక్షకు చదువుతున్న ఆయన కుమార్తె నన్ను ఇలా ప్రశ్నించింది: "రాజ్యాంగమున్న ప్రతి దేశంలోనూ రాజ్యాంగబద్ధమైన పాలన ఉన్నట్టేనా, బాబాయిగారూ?"

లేదన్నాను. 1936 నాటి సోవియట్ రాజ్యాంగం వాక్‌స్వాతంత్ర్యాన్నీ, పత్రికా స్వాతంత్ర్యాన్నీ ప్రసాదించింది. వాటిని ప్రభుత్వమే కాలరాస్తే నిలదీయగల న్యాయస్థానం మాత్రం అక్కడ లేదు. రాజ్యాంగబద్ధ పాలనకు ప్రాణం హక్కుల పట్టిక కాదు. అధికారంలో ఉన్నవారు తమ అధికారానికి హద్దులు తామే నిర్ణయించుకోరాదన్న నియమమే దానికి ప్రాణం. శాసనసభ, ప్రభుత్వం, న్యాయస్థానం వేర్వేరుగా ఉండవలసింది అందుకే.

ఇందుకు నిదర్శనం వెతుక్కుంటూ దూరం పోనక్కరలేదు. 1975 జూన్ 25న అత్యవసర పరిస్థితి ప్రకటించిన పిదప గ్వాలియర్ రాజమాత విజయరాజే సింధియా మొదలు విద్యార్థి నాయకుల వరకు ఎందరినో తీహారులో నిర్బంధించారు. ప్రాణానికీ, వ్యక్తి స్వేచ్ఛకూ రక్షణ కల్పించే 21వ అధికరణంలో ఒక్క అక్షరమైనా మారలేదు. అయినా ఆ నిర్బంధం సక్రమమా కాదా అని కోర్టులో అడిగే హక్కు అత్యవసర పరిస్థితిలో లేదని 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తొమ్మిది హైకోర్టుల అభిప్రాయం ఆ విధంగా కొట్టుకుపోయింది. అయిదుగురు న్యాయమూర్తులలో విభేదించినవారు హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే. మరుసటి జనవరిలో ఆయనను కాదని, ఆయన కంటె జూనియరును ప్రధాన న్యాయమూర్తిగా నియమించారు. ఖన్నా రాజీనామా చేశారు.

తెలుగువారికి ఈ పాఠం 1984లో ఇంకొక రూపంలో ఎదురైంది. ఆగస్టు 16న గవర్నరు రాంలాల్ ఎన్.టి. రామారావు మంత్రివర్గాన్ని బర్తరఫ్ చేశారు. బలాబలాలు తేల్చవలసిన శాసనసభను సమావేశపరచకుండానే మెజారిటీ ఎవరిదో రాజ్‌భవన్ తేల్చివేసింది. రామారావు తమ శాసనసభ్యులను వెంటబెట్టుకొని ఈ నగరానికి వచ్చి రాష్ట్రపతి జైల్ సింగ్‌కు చూపవలసి వచ్చింది. సరిగ్గా నెలకు, సెప్టెంబరు 16న, ఆయన తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. మెజారిటీని సభలోనే తేల్చాలన్న సూత్రాన్ని 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు స్థిరపరచింది.

పొరపాట్లు దిద్దుకోలేదనలేము. అత్యవసర పరిస్థితిలో సైతం 21వ అధికరణాన్ని నిలిపివేయరాదని 1978 నాటి 44వ సవరణ శాసించింది. 1976 నాటి తీర్పు తప్పని సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది కూడా, కాని అది 2017లో, అంటే నలభై ఒక్క ఏళ్ళ తరువాత. నేటికీ ముందస్తు నిర్బంధానికి రాజ్యాంగంలోనే చోటున్నది. దేశంలోని ఖైదీలలో దాదాపు నలుగురికి ముగ్గురు నేరం రుజువు కాక విచారణ కోసం ఎదురుచూస్తున్నవారే. ప్రభుత్వాన్ని ప్రశ్నించే హక్కు ఉండడం ఒక ఎత్తు, ఆ ప్రశ్నను సకాలంలో వినే న్యాయమూర్తి దొరకడం మరొక ఎత్తు. మొదటిది సాధించుకున్నాము. రెండవది ఎంతవరకు సాధించామో జనక్‌పురి నుంచి వచ్చేటప్పుడు దారిలో కనిపించే ఆ జైలు గోడలను అడగాలి.